ఆధార్ అథెంటికేషన్ హిస్టరీ ఎలా చదవాలి: నా అనుభవం

మన ఆధార్‌ని ఎవరు, ఎప్పుడు వాడారో మై ఆధార్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. చాలామంది ఆ పేజీ తెరవరు. తెరిచినవాళ్లు కోడ్‌లు అర్థంకాక మూసేస్తారు. ఇంట్లో అందరివీ చూడటం అలవాటయ్యాక నాకు తేలిన సంగతులివి.

లాగిన్‌కి ఆధార్‌తో లింకైన ఫోన్‌కి ఓటీపీ రావాలి. పాత సిమ్ పోయి ఉంటే ముందు నంబరు మార్పించుకోవాలి. ఆ తర్వాత అథెంటికేషన్ హిస్టరీలో అన్ని రకాలూ ఎంచుకుని తేదీలు ఇస్తే జాబితా వస్తుంది. గత 6 నెలలవే కనిపిస్తాయి, అదీ ఒకసారికి 50 వరకే. మొదట్లో ఈ లాగ్‌లను (వాడకం రికార్డులను) ఏళ్ల తరబడి దాచే నిబంధన ఉండేది. 6 నెలలకు మించి ఉంచకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న తీర్పు చెప్పింది. ప్రైవసీకి అది మంచిదే కానీ, పాత మోసానికి ఆధారం కావాలంటే అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. అందుకే అప్పుడప్పుడూ పేజీని పీడీఎఫ్‌గా దాచుకుంటాను. రేషన్ షాపులో వేలిముద్ర పడక పదేపదే నొక్కించిన పెద్దవాళ్లకి 50 వరసలు ఇట్టే నిండిపోతాయి. వాళ్లవి నెల నెలా విడివిడిగా చూడటం మేలు.

ప్రతి వరసలో తేదీ, సమయం, ఏ పద్ధతి (వేలిముద్ర, ఓటీపీ, పేరు-చిరునామా సరిపోల్చడం), అడిగిన సంస్థ, ట్రాన్సాక్షన్ ఐడీ, ఫలితం, ఎర్రర్ కోడ్ ఉంటాయి. 300 అంటే వేలిముద్ర సరిపోలలేదని. 330 అంటే బయోమెట్రిక్ (వేలిముద్ర, ఐరిస్ లాంటివి) లాక్‌లో ఉందని. 400 అంటే ఓటీపీ తప్పని. వీటికంటే నేను ముందు చూసేది ట్రాన్సాక్షన్ ఐడీనే. అది యూకేసీ అనే మూడు అక్షరాలతో మొదలైతే ఈ-కేవైసీ కోసం, అంటే మన పేరు, చిరునామా లాంటి వివరాలు తీసుకోవడానికి అడిగినట్టు. అది సక్సెస్ అయిందంటే మీ వివరాలు అవతలి సంస్థకు చేరినట్టే. మామూలు అథెంటికేషన్‌లో అవును, కాదు అనే జవాబు ఒక్కటే వెళ్తుంది.

ఎందుకు వాడారో మాత్రం ఎక్కడా ఉండదు. ఆ కారణాన్ని ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సేకరించకూడదని ఆధార్ చట్టం 32(3) సెక్షనే చెబుతోంది. కాబట్టి తెలియని పేరు కనిపిస్తే ట్రాన్సాక్షన్ ఐడీ రాసి ఆ సంస్థనే అడగాలి. అది తన లాగ్‌లను 2 ఏళ్లు ఉంచాలి, అడిగితే మనకు చూపించాలి. ఒక సంస్థ లైసెన్సు మీద ఇంకో సంస్థ పని చేయడమూ ఉంటుంది. మనం వెళ్లిన చోటి పేరే కనపడాలని లేదు, కొత్త పేరు చూడగానే కంగారు పడొద్దు.

తర్వాతి పని బయోమెట్రిక్ లాక్, అంటే మన వేలిముద్రతో ఇంకెవరూ ఆధార్ వాడకుండా ఆపడం. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు చేసి సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. ఇల్లో పొలమో రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా లాక్ పెట్టుకోవలసిందే అని నా అభిప్రాయం. పోర్టల్‌లోనే లాక్ నొక్కాలి. వేలిముద్రతో పాటు ఐరిస్, ముఖం కూడా లాక్ అవుతాయి. ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కూడా అప్పుడు ఆగిపోతుందని పింఛనుదారులు గుర్తుంచుకోవాలి.

రేషన్‌కో పింఛనుకో వెళ్లినప్పుడు తాత్కాలికంగా తెరవచ్చు. అది 10 నిమిషాలకు తనంతట తానే మళ్లీ మూసుకుంటుంది. క్యూలో నిలబడగానే తెరిస్తే మన వంతు వచ్చేసరికి 330 పడుతుంది, డీలర్ సర్వర్ డౌన్ అనేస్తాడు. ముందున్న మనిషి సరుకులు తీసుకుంటున్నప్పుడు తెరిస్తే సరిపోతుంది. లింకైన ఫోన్ కొడుకు దగ్గర వేరే ఊళ్లో ఉంటే మాత్రం ఇది చాలా చిరాకు వ్యవహారం. అలాంటి ఇళ్లలో ముందు పెద్దవాళ్ల నంబరే లింక్ చేయించండి.

ఈ లాక్ ఓటీపీని ఆపదు. ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాడికి వేలిముద్రతో పనే లేదు.

హిస్టరీలో మీరు వేయని వేలిముద్ర సక్సెస్ అయి, ఖాతాలో డబ్బు కూడా పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మూడో చోట జరిగినప్పుడు, బ్యాంకు నుంచి మనకు సమాచారం అందాక 3 పనిదినాల్లోపు బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారు మీద భారం పడదని ఆర్‌బీఐ 2017 జులై సర్క్యులర్‌లో ఉంది. వేలిముద్ర మీదే కదా అని బ్యాంకు వాదించే అవకాశం ఉంది. ఆ సమయానికి మీరు వేరే ఊళ్లో ఉన్నట్టు చూపే బస్సు టికెట్టో ఆఫీసు హాజరో, ఆ వరస ప్రింటూ ఫిర్యాదుకు జతచేసి, రసీదు మీద తేదీ వేయించుకోండి.