అడిస్ అబాబాలో బుధవారం భోజనం

ఇథియోపియా అనగానే అమ్మకు ఒకటే టెన్షన్, శాకాహారం ఎక్కడ దొరుకుతుందని. తీరా వస్తే ఇక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు, కాబట్టి ఏ హోటల్లో అడిగినా ఉపవాసం పళ్లెం రెడీ! టెఫ్ అనే చిరుధాన్యం పిండి పులియబెట్టి, ఒకవైపే కాల్చిన దోసెలా పోసిన ఇంజెరా (పులుపు మాత్రం బాగా ఎక్కువ), దాని మీదే కారం దట్టించిన ఎర్ర మసూర్ పప్పు, క్యాబేజీ కూర, అందరూ ఒకే పళ్లెంలో కుడిచేత్తో లాగించడమే. పక్కనున్న పెద్దావిడ ఇంత ముద్ద చుట్టి నా నోట్లో పెట్టేసింది, మొహమాటపడే టైమ్ కూడా ఇవ్వలేదు. గుర్షా అంటారు, ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమట. దవడలు నొప్పెట్టాయి. తర్వాత కాఫీ. పచ్చి గింజలు మన ముందే వేయించి, దంచి, జెబెనా అనే మట్టికూజాలో కాచి మూడు విడతలుగా పోస్తారు. మన ఫిల్టర్ కాఫీ మీద నాకున్న పొగరు కొంచెం తగ్గింది, కొంచెమే.