కరెంటొచ్చినా ప్రింటర్ కదలకపోతే

నెల్లూరు, ఒంగోలు వైపు నెట్ సెంటర్లలో ఏర్పాటు చాలావరకు ఇట్టాగే ఉంటుంది. కంప్యూటర్ యూపీఎస్ మీద, లేజర్ ప్రింటర్ నేరుగా గోడ ప్లగ్గు మీద. అది సరైన ఏర్పాటే. టోనరును కరిగించి కాగితానికి అతికించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోలేదు. చిక్కల్లా కరెంటు పోయినప్పుడే. ప్రింటర్ సగం పేజీలో ఆరిపోతుంది, కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పంపుతున్న పని చెడిందని తెలిస్తే, లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ప్రింటర్‌కి పంపిన పనుల వరసనే, అంటే క్యూనే, ఆపేస్తుంది. కరెంటొచ్చాక ప్రింటర్ పచ్చ లైటు వేసుకుని సిద్ధంగా ఉంటుంది, క్యూ మాత్రం కదలదు. అడంగల్ కోసం వచ్చినాయన తొందరపెడతాడు. కౌంటర్లో కుర్రాడు ప్రింట్ బటన్ ఇంకో ఆరుసార్లు నొక్కుతాడు. ఆ ఆరూ పోయి క్యూలో కూర్చుంటాయి.

ఇక్కడ ప్రింటర్ని ఆపి మళ్ళీ వేస్తే లాభం ఉండదు. క్యూ ఉండేది ప్రింటర్లో కాదు, కంప్యూటర్ డిస్కు మీద. వార్ ఫోల్డర్లో స్పూల్, దాన్లో కప్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఒక్కో పనికి సీ అక్షరంతో మొదలయ్యే వివరాల ఫైలు, డీ అక్షరంతో మొదలయ్యే అసలు డేటా ఫైలు అక్కడే ఉంటాయి. అందుకే కంప్యూటర్ని రీస్టార్ట్ చేసినా క్యూ ఖాళీ అవదు.

టెర్మినల్ విండోలో కొట్టాల్సిన కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నా. టైపు చేసేటప్పుడు అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే, పెద్దక్షరం కావాల్సిన చోట చెప్తా. క్యూ పేరు "లేజర్" అనుకుందాం. ముందు చూడాల్సింది ఇవి:

ఎల్‌పీస్టాట్ -పీ లేజర్
ఎల్‌పీస్టాట్ -ఏ లేజర్
ఎల్‌పీస్టాట్ -ఓ లేజర్

మొదటిది క్యూ నడుస్తోందా ఆగిందా చెప్తుంది. "డిసేబుల్డ్" అని వస్తే ఆగినట్టు, పక్కనే కారణం కూడా ఉండొచ్చు. రెండోది కొత్త పనులు తీసుకుంటోందా లేదా చెప్తుంది. ఈ రెండూ వేరు. ఆగిన క్యూ కూడా కొత్త పనుల్ని వద్దనకుండా తీసుకుంటూనే ఉంటుంది, ఆ ఆరు కాపీలు చేరింది అందుకే. మూడోది వరసలో ఉన్న పనులను నంబర్లతో, ఎవరు పంపారో, ఎన్ని బైట్లో చూపిస్తుంది. ఒకే సైజు వరసగా కనిపిస్తే బటన్ పదేపదే నొక్కినట్టే.

చాలామంది ఇక్కడే తొందరపడి క్యూని ఎనేబుల్ చేస్తారు, ఆరు కాపీలూ బయటికొస్తాయి. ముందు అనవసరమైనవి తీసెయ్యాలి, ఆ తర్వాతే క్యూని లేపాలి (సుడో అంటే కమాండును అడ్మిన్ అధికారంతో నడపడం):

క్యాన్సిల్ లేజర్-143
సుడో కప్స్‌ఎనేబుల్ లేజర్

మొత్తం ఊడ్చెయ్యాలంటే క్యాన్సిల్ -ఏ లేజర్. వేరే యూజర్ పంపిన పని పోకపోతే ముందు సుడో పెట్టండి. "నాట్ యాక్సెప్టింగ్" అని ఉంటే కప్స్‌ఎనేబుల్‌తో లాభం లేదు, సుడో కప్స్‌యాక్సెప్ట్ లేజర్ ఇవ్వాలి. ఎల్‌పీక్యూ, ఎల్‌పీఆర్‌ఎం అని ఇంకో జత కమాండ్లు కూడా దాదాపు ఇవే పనులు చేస్తాయి. ఏదో ఒకటి అలవాటు చేసుకుంటే చాలు.

ఇంకో సంగతి. ఆగిన పని మళ్ళీ మొదలైతే ఒకటో పేజీ నుంచే వస్తుంది. నలభై పేజీల దస్తావేజు నకలు పన్నెండో పేజీ దగ్గర ఆగిందంటే, దాన్ని క్యాన్సిల్ చేసి మిగతా పేజీలే పంపండి:

ఎల్‌పీ -డీ లేజర్ -పీ 13-40 ఫైలుపేరు

ఇందులో 13-40 ముందున్న పీ పెద్దక్షరం, డీ చిన్నక్షరం.

కరెంటు పోయినప్పుడల్లా ఇదే తంతు వద్దనుకుంటే విఫలమైన పనిని ఏం చెయ్యాలో క్యూకి ముందే చెప్పొచ్చు. కప్స్ సొంత అలవాటు స్టాప్-ప్రింటర్, అంటే మొత్తం ఆపెయ్యడం. కొన్ని లినక్స్‌లలో దీన్ని మార్చి ఇస్తారు.

సుడో ఎల్‌పీఅడ్మిన్ -పీ లేజర్ -ఓ ప్రింటర్-ఎర్రర్-పాలసీ=అబార్ట్-జాబ్

ఆఫీసులకైతే రీట్రై-జాబ్ బాగుంటుంది, కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తుంది. నెట్ సెంటర్‌కి మాత్రం అబార్ట్-జాబే నయం, చెడిన పనిని వదిలేసి తర్వాతదానికి వెళ్తుంది. ఎప్పుడో వెళ్ళిపోయిన మనిషి ఆదాయ సర్టిఫికెట్ అరగంట తర్వాత ఇంకొకరి కాగితాల మధ్య ఊడిపడదు.

నెట్‌వర్క్ ప్రింటరైతే కరెంటు పోయి వచ్చాక రౌటర్ దానికి కొత్త అడ్రస్ ఇచ్చి ఉండొచ్చు. ఎల్‌పీస్టాట్ -వీ లేజర్ అంటే క్యూ ఏ అడ్రస్‌కి పంపుతోందో కనిపిస్తుంది. సాకెట్ అని మొదలై 192.168.1.50 లాంటి అంకెలుంటే, ప్రింటర్లో నెట్‌వర్క్ వివరాల పేజీ తీసి పోల్చండి. తేడా ఉంటే రౌటర్లో ఆ ప్రింటర్‌కి ఒకే అడ్రస్ రిజర్వ్ చెయ్యండి. క్యూలో అడ్రస్ మార్చుకుంటూ పోతే ప్రతి కరెంటు కోతకీ అదే పని. సాకెట్ పద్ధతి వాడేది మామూలుగా 9100 పోర్టు.

టోనర్ అయిపోయి రెండో ప్రింటర్‌కి మళ్ళించాలంటే ఎల్‌పీమూవ్ లేజర్ ఇంక్ చాలు, వరస మొత్తం "ఇంక్" క్యూలోకి వెళ్తుంది. ఒక్క పనే అయితే లేజర్ బదులు లేజర్-143 అనండి. తర్వాత సుడో కప్స్‌రిజెక్ట్ లేజర్ ఇస్తే కొత్తవి అందులోకి చేరవు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో కాగితం చెమ్మ పట్టి పదేపదే ఇరుక్కుంటే దానికి ఏ కమాండూ లేదు. రీము కవరు పూర్తిగా విప్పకండి, అంతే.

ఆధార్ కాపీలు తీసే షాపులకి ఒక జాగ్రత్త. ప్రింట్ అయిపోయినా కప్స్ డేటా ఫైళ్ళను మామూలుగా 86400 సెకన్లు, అంటే ఒక రోజంతా, దాచి ఉంచుతుంది. సుడో కప్స్‌సీటీఎల్ ప్రిజర్వ్‌జాబ్‌ఫైల్స్=నో ఇస్తే పని అవ్వగానే తీసేస్తుంది. ఇందులో ప్రిజర్వ్, జాబ్, ఫైల్స్, నో అన్నవాటి మొదటి అక్షరాలు పెద్దవి, మధ్యలో ఖాళీ ఉండదు. ఇట్టా పెట్టాక పాత పనిని క్యూలోంచే మళ్ళీ తీయడం కుదరదు. అయినా పెట్టడమే మేలు.

చీమకుర్తి గ్రానైట్ లారీల కాటాల దగ్గర వాడే డాట్ మాట్రిక్స్ వేరే లోకం. అక్కడ క్యూ "రా" (ముడి) పద్ధతిలో ఉంటే, పంపిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ప్రింటర్‌కి పోతాయి. పొరపాటున పీడీఎఫ్ పంపారో, శాతం గుర్తు, పక్కన పీడీఎఫ్ అనే అక్షరాలతో మొదలై చెత్త గీతలు కాగితం చుట్ట అయిపోయేదాకా కొడుతూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం ప్రింటర్ని ఆపాల్సిందే, ఎందుకంటే కొంత డేటా దాని సొంత మెమరీలోకి వెళ్ళిపోయి ఉంటుంది. వరస తప్పొద్దు: ముందు కంప్యూటర్లో క్యాన్సిల్ -ఏ కాటా (క్యూ పేరు "కాటా" అనుకుంటే), తర్వాత ప్రింటర్ పది సెకన్లు ఆఫ్. తిరగేసి చేస్తే, ప్రింటర్ వెలగ్గానే మిగిలిన చెత్త మళ్ళీ దిగుతుంది.

విండోస్‌లో అయితే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్ స్టాప్ స్పూలర్ అనండి. విండోస్ ఫోల్డర్లో సిస్టమ్32, దాన్లో స్పూల్, దాన్లో ప్రింటర్స్ ఫోల్డర్లోని ఫైళ్ళు చెరిపి నెట్ స్టార్ట్ స్పూలర్ అనండి. ఇది ఆ కంప్యూటర్లోని అన్ని ప్రింటర్ల పనుల్నీ పోగొడుతుంది. ఒక్క పనే తీయాలంటే పవర్‌షెల్‌లో గెట్-ప్రింట్‌జాబ్‌తో నంబరు చూసి, రిమూవ్-ప్రింట్‌జాబ్‌కి ప్రింటర్ పేరూ ఆ నంబరూ ఇస్తే సరి.