దామనపల్లి ఘాట్ నమూనా: మలుపు దగ్గర మళ్లీ పగులు

నమూనాలోని కొండవాలు మళ్లీ పగిలింది! అదీ మన్యం తిరుగుబాటును అణచడానికి వచ్చిన బ్రిటిష్ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ నడిచి రావలసిన మలుపులోనే. ఒళ్లు మండిపోతోంది.

బొమ్మలు సిద్ధం. తెల్ల అధికారుల దుస్తులకు వయేహో కంపెనీ ‘ఇంగ్లిష్ యూనిఫాం’ రంగు చక్కగా కుదిరింది. ఖాకీలో దాన్ని మించింది నాకు కనబడలేదు. చెట్లూ అయిపోయాయి. మొండికేస్తున్నది కొండవాలు ఒక్కటే.

1/72 స్కేలులో బాట వెడల్పు 17 మిల్లీమీటర్లు, అంటే నేల మీద దాదాపు 1.2 మీటర్లు. పగులు ఆ బాటకు అడ్డంగా మొదలై వాలు మీదికి 11 సెంటీమీటర్లు పాకింది. నోరు మిల్లీమీటరున్నర. పుట్టీతో పూడిస్తే పక్కన కొత్తది పుట్టింది. గాజుగుడ్డ పరిచి పైన కాగితపు గుజ్జు పూస్తే గుడ్డతో సహా లేచింది. మొదట థర్మాకోల్ పలకల అతుకును అనుమానించాను. కానీ అతుకు పగులుకు రెండు సెంటీమీటర్ల అవతల చెక్కుచెదరకుండా ఉంది. ఫెవికాల్ పట్టు ఫెవికాల్‌దే.

ఇప్పుడు నా అనుమానమంతా మందం మీదే. బాట మీద గుజ్జు 4 మిల్లీమీటర్లు, మలుపు లోపలి వైపు 12. విడిగా 10 సెంటీమీటర్ల బిళ్లలు పోసి చూశాను. పలచటిది దాదాపు అలాగే ఉంది, మందపుది ఆరేసరికి 96 మిల్లీమీటర్లకు కుంచించుకుపోయింది. పైపొర ముందు బిగుసుకుని, లోపలి తడి తర్వాత లాగుతోందన్నమాట. ఫ్యాను గాలి దాన్ని ఇంకా తొందరపెట్టి ఉంటుంది. దుకాణంలో దొరికే పొడి గుజ్జు కన్నా వార్తాపత్రికలు నానబెట్టి రుబ్బినదే మేలని ఇప్పటికీ అంటాను, పోగు పొడుగ్గా ఉంటుంది. ఈసారి వాలు ఆకారమంతా థర్మాకోల్‌లోనే చెక్కి, పైన అంతటా 3 మిల్లీమీటర్లే పూస్తాను.

ఆ మలుపును వదులుకోలేను. 1922 సెప్టెంబరు 24న అల్లూరి సీతారామరాజు మనుషులు ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన ఆ ఇద్దరు అధికారులను కాల్చారు. ముందు దళం మలుపు దాటిపోయిందనీ, వెనకవాళ్లకు అది కనబడదనీ చూడగానే తెలియాలి. 60 సెంటీమీటర్ల పలక మీద నాకున్నది 43 మీటర్ల నేల, అందుకే మలుపు ఇంత గట్టిగా తిప్పాను. పైన పొదల్లో ఉన్నవాళ్ల చేతుల్లో తుపాకులు పెట్టడమూ ముఖ్యమే. అంతకు నెల ముందు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లలో వాళ్లు పట్టుకుపోయినవి అవే కదా. అందరికీ విల్లంబులే ఇచ్చే నమూనాలు నాకు నచ్చవు.

నా తర్వాతి నమూనా, రాజును పట్టుకోవడానికి 1924లో మన్యంలో దిగిన అస్సాం రైఫిల్స్ దళం. మొదటి ప్రపంచ యుద్ధపు గూర్ఖా బొమ్మలకు టోపీలూ సంచులూ మార్చి, వాగు దాటే వరుస చేయాలని ఉంది. 1924 మే 7న కొయ్యూరులో మేజర్ గుడాల్ రాజును చెట్టుకు కట్టించి కాల్పించిన ఘట్టం మాత్రం చేయను, మనసొప్పదు. వాగు నీటికి రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) రెండు పొరలుగా పోయాలి. ముందు చిన్న పళ్లెంలో పోసి ఎంత కుంచించుకుపోతుందో కొలుస్తాను.