స్లైడులో ఓము వాటుగా మారినప్పుడు

స్లైడ్లలో సమీకరణాలు చెదిరిపోయాయంటూ మా భౌతికశాస్త్ర విభాగంలో ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని నా దగ్గరికి రావడం మామూలైపోయింది. వచ్చినవారు చూపించేది దాదాపు ఒకటే: సిగ్మా ఉండవలసిన చోట నెత్తిన సున్నా పెట్టుకున్న ఇంగ్లీషు 'ఏ' అక్షరం, అనంతం ఉండవలసిన చోట జపాను యెన్ గుర్తు, 'తక్కువ లేదా సమానం' ఉండవలసిన చోట బ్రిటిషు పౌండు గుర్తు. వీటిని చూసి అందరూ కంగారుపడతారు గానీ, నిజానికి కంగారుపడవలసింది వీటి గురించి కాదు. సూత్రం మధ్యలో యెన్ గుర్తు కనబడితే ఏదో తేడా జరిగిందని పదో తరగతి విద్యార్థి కూడా పసిగడతాడు. చెదిరిపోయి కూడా చెదరనట్టే కనిపించే సమీకరణంతోనే అసలు ప్రమాదం.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే సింబల్ అనే పాత ఫాంటు సంగతి చెప్పుకోవాలి. అందులో గ్రీకు అక్షరాలనూ గణిత చిహ్నాలనూ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే కూర్చోబెట్టారు. 'ఎం' మీట నొక్కితే మ్యూ, 'క్యూ' నొక్కితే తీటా, 'ఆర్' నొక్కితే రో, పెద్ద 'డబ్ల్యూ' నొక్కితే ఒమేగా కనిపిస్తాయి. అది కంటికి కనిపించే రూపం మాత్రమే. లోపల నిలిచి ఉన్నది ఆ ఇంగ్లీషు అక్షరపు స్థానమే. మన తెలుగువారికి ఇది కొత్త విషయమేమీ కాదు. డీటీపీలో వాడే అను అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో కూర్చిన పెళ్ళిపత్రికను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు బారులు తీరడం డీటీపీ పని చేసిన ప్రతివారూ చూసినదే. సింబల్ ఫాంటు ఊడిపోయిన సమీకరణానికి పట్టేది కూడా అదే గతి. తేడా ఒక్కటే: పెళ్ళిపత్రిక పాడైతే తెలిసిపోతుంది, సమీకరణం పాడైతే ఒక్కోసారి తెలియదు.

ఉదాహరణకు, 100 ఓముల నిరోధం అని రాసుకున్న స్లైడులో ఫాంటు మారిపోతే ఒమేగా పోయి 'డబ్ల్యూ' మిగులుతుంది. అంటే అది 100 వాట్లు అవుతుంది. నిరోధకాలకు వాట్లలో సామర్థ్యం చెప్పడం కూడా మామూలే కాబట్టి చదివేవారికి అనుమానం రాదు. 5 మైక్రోమీటర్ల మందం 5 మిల్లీమీటర్ల మందంగా మారుతుంది, అంటే వెయ్యి రెట్ల తేడా. అయస్కాంత క్షేత్రంలో కదిలే ఆవేశంపై పనిచేసే బలానికి మనం చెప్పే 'క్యూ వీ బీ సైన్ తీటా' కాస్తా 'క్యూ వీ బీ సైన్ క్యూ' అయి కూర్చుంటుంది. ఆవేశానికీ కోణానికీ ఒకే అక్షరం వచ్చినా, ఆదరాబాదరాగా రాసుకునే విద్యార్థి దాన్ని అలాగే నోట్సులోకి ఎక్కిస్తాడు. వైద్యం, ఫార్మసీ పాఠాల్లో ఇది మరింత తీవ్రం, ఎందుకంటే అక్కడ మైక్రోగ్రాము మిల్లీగ్రాముగా మారుతుంది. మందుల వాడకంలో దొర్లే పొరపాట్లపై పనిచేసే అమెరికా సంస్థ ఐఎస్ఎంపీ, మైక్రోగ్రాముకు గ్రీకు అక్షరం వాడవద్దనీ 'ఎంసీజీ' అని రాయమనీ చెబుతుంది. అది మొదట చేతిరాతను దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాటే అయినా ఫాంట్లకూ చక్కగా సరిపోతుంది.

బాగుచేయడానికి దిగేముందు ఆ సమీకరణం ఏ జాతిదో తేల్చుకోవాలి. దానిమీద క్లిక్ చేసినప్పుడు కర్సరు అక్షరాల మధ్యకు వెళ్ళి, ఒక్కో అక్షరం విడిగా ఎంపిక అవుతూ ఉంటే అది సింబల్ ఫాంటులో టైపు చేసిన మామూలు పాఠ్యం. ఆ అక్షరాలను మాత్రమే ఎంచుకుని ఫాంటును మళ్ళీ సింబల్‌కు మారిస్తే చాలాసార్లు వెంటనే సరైపోతుంది, కానీ అది తాత్కాలికమే. ఇంకో యంత్రంలో మళ్ళీ ఊడిపోవచ్చు. క్లిక్ చేసినప్పుడు సమీకరణం మొత్తం ఒక్క బొమ్మలాగా పట్టుబడి చుట్టూ చుక్కల చట్రం వస్తే, అది ఈక్వేషన్ ఎడిటర్ 3.0 అనే, ఆఫీసుతో పాటు వచ్చే పాత సమీకరణాల ప్రోగ్రాము కాలపు వస్తువు అయ్యే అవకాశం ఎక్కువ. తెర పైభాగంలో ఉండే మీటల పట్టీలో (రిబ్బన్‌లో) ఈక్వేషన్ అనే ట్యాబు ప్రత్యక్షమైతే అది కొత్త తరానిది. పవర్‌పాయింట్‌లో ఇది 2010 వెర్షను నుంచి ఉంది.

మధ్యలో చెప్పిన ఆ పాత వస్తువులతోనే నాకు ఎక్కువ పని పడుతుంది. 2017 నవంబరులో ఆ ఎడిటరులో తీవ్రమైన భద్రతా లోపం ఒకటి బయటపడింది. 2000 సంవత్సరంలో కంపైలైన ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ అంతకాలం ఆఫీసుతో పాటు పంచుతూ వచ్చిందన్నమాట! చివరికి 2018 జనవరి అప్‌డేట్‌తో దాన్ని పూర్తిగా తొలగించారు. అప్పటినుంచి పాత స్లైడులోని సమీకరణంపై రెండుసార్లు క్లిక్ చేస్తే ఆఫీసులో దాన్ని తెరిచేవాడు లేడు. కనిపిస్తున్నది ఆ వస్తువుకు అంటించిన మెటాఫైలు (గీతలూ అక్షరాలూ ఎలా గీయాలో చెప్పే ఫైలు) బొమ్మ మాత్రమే, ఆ బొమ్మలోని అక్షరాలు కూడా సింబల్, ఎంటీ ఎక్స్‌ట్రా అనే ఫాంట్ల మీద ఆధారపడి ఉంటాయి. రెండోది లేని కంప్యూటరులో 'ఒకటి, రెండు, ... , ఎన్' అనే వరుసలోని మూడు చుక్కలు పెద్ద 'కే' అక్షరంగా మారతాయి. ఆ 'కే' ఏ స్థిరాంకమని విద్యార్థులు అడిగితే అధ్యాపకుడు నీళ్ళు నమలవలసిందే.

ఎంటీ ఎక్స్‌ట్రా ఫాంటు ఉన్న పాత కంప్యూటరు ఎక్కడైనా దొరికితే, ముందు ఆ స్లైడ్లను అందులో తెరిచి పీడీఎఫ్‌గా దాచుకోవడం నేను చేసే మొదటి పని. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఫైలులోనే ఇమిడిపోతాయి కాబట్టి, అసలు సమీకరణం ఏమిటో చెప్పే సాక్ష్యం అదొక్కటే అవుతుంది. ఆ తరువాత దాన్ని పక్కన పెట్టుకుని, పవర్‌పాయింట్‌లో ఆల్ట్‌తో పాటు సమానం మీట నొక్కి, ప్రతి సమీకరణాన్నీ కొత్తగా టైపు చేస్తాను. మ్యాథ్‌టైప్ అనే సమీకరణాల ప్రోగ్రాము ఉన్నవారు పాత వస్తువులను అందులో తెరుచుకోవచ్చు; పది పదిహేను సమీకరణాలకైతే నాకు మళ్ళీ టైపు చేయడమే నయమనిపిస్తుంది, ఆ వంకన పాత తప్పులు కూడా బయటపడతాయి.

పీడీఎఫ్‌లో నుంచి సమీకరణాన్ని కాపీ చేసి స్లైడులో అతికించడం మాత్రం వద్దు. భిన్నం గీత మాయమై లవమూ హారమూ పక్కపక్కన నిలబడతాయి, ఘాతాలు కిందికి దిగిపోతాయి. ఎలక్ట్రాన్ ఆవేశంలోని 10⁻¹⁹ కాస్తా '10-19'గా, అంటే పదిలోంచి పందొమ్మిది తీసివేతగా కనిపిస్తుంది. ఋణ గుర్తు కూడా రాలిపోతే 1019 అనే సంఖ్య మిగులుతుంది.

తెలుగు మాధ్యమం స్లైడ్లలో ఇంకో చిక్కు ఉంది. పాఠ్యం అను ఫాంటులోనూ సూత్రాలు సింబల్‌లోనూ ఉన్న ఫైలును యూనికోడ్‌లోకి (ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతిలోకి) మార్చాలని మొత్తం ఎత్తి కన్వర్టరులో వేస్తే, అది సూత్రంలోని అక్షరాలను కూడా అను సంకేతాలనే అనుకుని తెలుగు గుణింతాలుగా మార్చిపారేస్తుంది. ఒకసారి అలా మారాక వెనక్కి లాగడం దాదాపు అసాధ్యం. అందుకే సూత్రాలను ముందుగా తీసి వేరే స్లైడులో పెట్టి, పాఠ్యాన్ని మాత్రమే మార్చి, తరువాత సూత్రాలను కొత్తగా చేర్చాలి. తెలుగు మాటలను ఈక్వేషన్ పెట్టెలోపల ఇరికించకుండా పక్కన మామూలు టెక్స్ట్‌బాక్సులో పెట్టడమే మేలు.

కొత్త తరం సమీకరణాలు కూడా పూర్తిగా నిశ్చింత కావు. వాటికి కేంబ్రియా మ్యాథ్ ఫాంటు కావాలి. ఫైలులో సమీకరణంతో పాటు, దాన్ని అర్థం చేసుకోలేని ప్రోగ్రాముల కోసం ఒక బొమ్మ ప్రతి కూడా ఉంటుంది. అలాంటి ప్రోగ్రాములో తెరిచి సేవ్ చేస్తే బొమ్మ మాత్రమే మిగిలి, అసలు సమీకరణం పోవచ్చు. కాబట్టి సెమినారుకు వెళ్ళేవారికి నేను పీడీఎఫ్ ప్రతిని కూడా పెన్‌డ్రైవులో వేసి ఇస్తాను. యానిమేషన్లు పోతాయని కొందరు గొణుగుతారు. పోనివ్వండి.

చివరి తనిఖీలో నేను సమీకరణాల కంటే ముందు ప్రమాణాలను చూస్తాను: 'ఎం'తో మొదలయ్యే ప్రతి ప్రమాణమూ నిజంగా మిల్లీయేనా, ప్రతి వాటూ నిజంగా వాటేనా, సైన్, కాస్‌ల పక్కన ఉన్నది కోణమేనా అని. వెతుకు పెట్టెను నమ్ముకోను, ఎందుకంటే యూనికోడ్‌లో మైక్రో గుర్తు వేరు, గ్రీకు మ్యూ వేరు. ఓము గుర్తు వేరు, గ్రీకు ఒమేగా వేరు. చూడటానికి ఒకేలా ఉన్నా, ఒకదాన్ని వెతికితే రెండోది దొరకకపోవచ్చు. పీడీఎఫ్‌ను పక్కన తెరిచి, కళ్ళతో వరుసగా చదువుకుంటూ పోతాను.