అల్యూమినియం ఫెటీగ్ టెస్టులు: ఇప్పుడు బాల్ బర్నిషింగ్ వంతు

పదే పదే పడే ఒత్తిడికి లోహం అలసి విరగడమే ఫెటీగ్. పైపొర మీద గట్టి బంతిని నొక్కి దొర్లించడం, అంటే బాల్ బర్నిషింగ్, దాన్ని ఎంత ఆపుతుందో చూస్తున్నాను. కిందటి విడత నమూనాలన్నీ అయిపోయాయి కాబట్టి ఇప్పటిదాకా తేలింది రాసిపెడుతున్నాను. కడ్డీ 6061-టీ6, అంటే హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరిచిన ఒక అల్యూమినియం మిశ్రమం. ఒక చివర మోటారుకి బిగించి ఉంటుంది, రెండో చివర బేరింగుకి బరువు వేలాడుతుంది, తిరిగిన ప్రతిసారీ కడ్డీ పైపొర ఒకసారి సాగి ఒకసారి నొక్కుకుంటుంది. మెడ (కడ్డీలో సన్నగా తిప్పిన భాగం) వ్యాసం 6 మి.మీ., మెడకీ బరువుకీ మధ్య దూరం 100 మి.మీ. ఈ కొలతలకి 180 మెగాపాస్కల్ ఒత్తిడి రావాలంటే సుమారు 3.9 కిలోలు చాలు, బేరింగు, కొక్కెం బరువు కూడా అందులోనే కలపాలి. మెడ 0.1 మి.మీ. తేడా వచ్చినా ఒత్తిడి 5 శాతం మారిపోతుంది, అందుకే ప్రతి కడ్డీనీ మైక్రోమీటరుతో కొలిచి దాని బరువు దానికే లెక్కగడుతున్నాను.

ఒత్తిడి ఇంత ఎక్కువ ఎందుకంటే, స్టీలుకి ఉన్నట్టు అల్యూమినియానికి "ఇంతకన్నా తక్కువైతే ఎప్పటికీ పగలదు" అనే హద్దు స్పష్టంగా ఉండదు. పట్టికల్లో 6061-టీ6కి కనిపించే 97 మెగాపాస్కల్ అన్న అంకె సాధారణంగా 50 కోట్ల సైకిళ్లకి (కడ్డీ ఒకసారి తిరిగితే ఒక సైకిల్) చెప్పేది. నా మోటారు వేగం 2800 ఆర్‌పీఎం, దాని మీద అన్ని సైకిళ్లంటే ఆపకుండా నాలుగు నెలలు పడుతుంది. 1 కోటి దగ్గర ఆపేస్తే 60 గంటల్లో అయిపోతుంది, కాబట్టి అదే నా హద్దు. కడ్డీ విరగ్గానే మోటారు ఆగిపోయేలా బరువు కింద ఒక మైక్రోస్విచ్ పెట్టాను, ఇది లేకుండా రాత్రిపూట నడపొద్దు, చుట్టూ గట్టి కవరు కూడా ఉండాల్సిందే.

ఇక అసలు పని. లేత్ మీద తిప్పిన కడ్డీకి గీతలన్నీ అడ్డంగా, అంటే లాగుడుకి సరిగ్గా ఎదురుగా ఉంటాయి, పగులు మొదలవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. ముందు 400, తర్వాత 800, 1200 ఎమెరీ కాగితంతో పొడవునా రుద్ది ఆ అడ్డగీతలు పూర్తిగా పోగొడతాను. ఆ తర్వాతే బంతి.

బంతి అంటే 6 మి.మీ. గట్టి బేరింగు బంతి, వెనక చిన్న బేరింగుల మీద ఆనుకుని స్వేచ్ఛగా దొర్లాలి. దొర్లకుండా ఆగితే అల్యూమినియం దానికి అంటుకుని పైపొర చిరిగిపోతుంది, కాబట్టి నూనె ధారాళంగా పోస్తాను. ఫీడ్ (బంతి కడ్డీ పొడవునా జరిగే దూరం) రివల్యూషన్‌కి 0.05 మి.మీ. ఒక్క వైపు నుంచే నొక్కితే సన్నటి మెడ వంగుతుంది, అందుకని ఎదురెదురుగా రెండు బంతులు పెట్టి స్ప్రింగు బిగింపుతో నొక్కుతున్నాను. పైపొర అన్ని వైపులకీ వ్యాపించాలని చూస్తుంది, లోపలి లోహం దాన్ని వెళ్లనివ్వదు, అలా పైన నొక్కుడు ఒత్తిడి మిగిలిపోతుంది. దానికి సరిపడా లాగుడు లోపల ఎక్కడో ఉండి తీరుతుంది, ఊరికే వచ్చేది ఏమీ లేదు.

ఫలితం: తిప్పినవి తిప్పినట్టే పెట్టిన కడ్డీలు కొన్ని లక్షల సైకిళ్లలో విరిగాయి, ఎమెరీ పట్టినవి ఇంకాస్త నిలిచాయి, బంతి దొర్లించినవి మొత్తం మీద వాటిని బాగా దాటాయి, కొన్ని హద్దు దాకా విరగనే లేదు. ఒకే బరువు మీద కూడా అంకెలు చాలా చెదురుతాయి, ఒక్క కడ్డీ చూసి ఏమీ తేల్చలేం. నాకు సైకిళ్ల లెక్క కంటే విరిగిన ముఖమే ఎక్కువ చెబుతోంది. మామూలు కడ్డీల్లో పగులు అంచున ఏదో ఒక గీత దగ్గర మొదలై విసనకర్రలా విచ్చుకుంటుంది. బంతి దొర్లించి విరిగిన వాటిలో కొన్నింటికి ఆ మొదలు అంచున లేదు, కాస్త లోపల ఉంది. పైపొర నిజంగా గట్టిపడిందనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నా దగ్గర లేదు, పది రెట్ల లూపుతో (చిన్న భూతద్దంతో) చూసినా కనిపిస్తుంది.

షాట్ పీనింగ్ ఎందుకు చేయలేదని అనిపించవచ్చు. చిన్న పూసల్ని వేగంగా కొట్టి పైపొరని నొక్కే పద్ధతి అది. అదీ ఇదే సూత్రం, కానీ ఉపరితలం గరుకవుతుంది, మెత్తటి లోహంలో ఆ గరుకుతనం లాభంలో కొంత తినేస్తుంది. పైగా తీవ్రత కొలవాలంటే ఆల్మెన్ స్ట్రిప్ తప్పదు: సన్నటి స్ప్రింగు స్టీలు పట్టీని ఒక వైపే కొట్టి, ఎంత వంగిందో డయల్ గేజితో చూస్తారు, కొట్టే సమయం రెట్టింపు చేసినా వంపు 10 శాతానికి మించి పెరగని చోటుని సాచురేషన్ అంటారు. ఆ కొలత లేకుండా బ్లాస్టింగ్ క్యాబినెట్‌లో గాజు పూసలు చల్లడం పీనింగ్ కాదు, మెరుగు పెట్టడం మాత్రమే. స్టీలు పూసలైతే ఇనుప రేణువులు అల్యూమినియంలో దిగబడి తుప్పుకి దారి తీస్తాయి, పగిలిన గాజు పూసలు కోసేస్తాయి, వాటిని జల్లించి తీసేయాలి.

ఏ పద్ధతైనా వరస మాత్రం తప్పొద్దు. టీ6 హీట్ ట్రీట్‌మెంట్ ముందు, నొక్కుడు పని తర్వాత. ఆ తర్వాత 90 డిగ్రీలు దాటే వేడి పెట్టకూడదు, ఒత్తిడి సడలిపోతుంది. గట్టిగా సాండింగ్ కూడా చేయొద్దు, సంపాదించిన పొర అంతా పొడిగా రాలిపోతుంది. అనోడైజింగ్ (కరెంటుతో పైన ఆక్సైడ్ పూత పెంచడం) చేసేదుంటే దానికి ముందే ఇది అయిపోవాలి, ఎందుకంటే ఆ పెళుసు పూత ఫెటీగ్ బలాన్ని తగ్గిస్తుంది.

వచ్చే విడతకి నున్నటి మెడ వదిలేసి, వ్యాసం మారే చోట మూల వంపు ఉన్న కడ్డీలు తిప్పుతున్నాను, నిజం పార్టులు విరిగేది అక్కడే. 6 మి.మీ. బంతి 3 మి.మీ. కన్నా చిన్న మూలలోకి దిగదు, నాకు కావలసింది 1 మి.మీ. మూల, అందుకని అంచు అంతకన్నా సన్నగా ఉన్న గట్టి స్టీలు రోలరు ఒకటి చేస్తున్నాను. అంచుకి మెరుగు పెట్టడం మిగిలింది.