ఎడమ చేతికి తిత్తి మాన్పించడం: పియానోతో పది నెలలు

నాకు నలభై నాలుగేళ్ళు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు, పటమటలో రెండో అంతస్తులో ఇల్లు. పోయిన ఆగస్టులో పియానో మొదలుపెట్టాను. అంతకుముందు నాకు తెలిసిన వాయిద్యం హార్మణీ పెట్టె ఒక్కటే. నాన్న పౌరాణిక నాటకాలకు హార్మణీ వాయించేవారు. ఆయన్ని చూసి పట్టుకున్న విద్య రామాలయంలో భజనల వరకు సరిపోయింది. పెట్టె వచ్చు, మెట్లు అవే, ఆర్నెల్లలో లాగించేయొచ్చు అనుకున్నాను. ఆ లెక్క ఎక్కడెక్కడ తప్పిందో రాసిపెడుతున్నాను.

ఆగస్టు, సెప్టెంబరు

మొదటి తప్పు కొనడంలోనే. 61 మెట్ల కీబోర్డు తెచ్చాను. మెట్లకి బరువు లేదు, వేలు ఆనిస్తే చాలు దిగిపోతాయి. రెండు నెలలు తిరక్కుండానే అమ్మేసి, 88 మెట్ల డిజిటల్ పియానో సెకండ్ హ్యాండ్‌లో 31 వేలకి తీసుకున్నాను. దీనిలో తీగలుండవు గానీ ప్రతి మెట్టుకీ లోపల చిన్న సుత్తిలాంటి బరువు ఉంటుంది. మంద్రంలో మెట్లు బరువుగా, పైకి పోయేకొద్దీ తేలిగ్గా ఉంటాయి. కొనేటప్పుడు 'టచ్ సెన్సిటివ్' అంటే తల ఊపకండి. 'హామర్ యాక్షన్' ఉందా అని అడగండి. మొదటిది వేలి వేగాన్ని బట్టి శబ్దం మారడం, రెండోది ఈ సుత్తి బరువు. రెండూ ఒకటి కాదు.

పెట్టెలో మెట్టుని ఎంత గట్టిగా నొక్కినా తేడా రాదు, ఎడమచేత్తో తిత్తి ఆడిస్తే గాలి ఎంత పోతే అంత శబ్దం. పియానోలో శబ్దమంతా వేలి వేగంలో ఉంది. అసలు పియానో అంటేనే ఇటాలియన్‌లో 'మెల్లగా' అని. నాకు రానిదే ఆ మెల్లగా వాయించడం. భజనలో పదిమంది గొంతుల మధ్య వినపడాలి కదా, వేళ్ళకి ఆ బాదుడే అలవాటు.

కూచునే ఎత్తు చూసుకోండి. డైనింగ్ కుర్చీలో నా మోచేతులు మెట్లకంటే కిందికి పోయేవి, వారానికే మణికట్లు లాగాయి. కుర్చీ మీద దుప్పటి నాలుగు మడతలు వేసుకుంటే మోచెయ్యి మెట్ల ఎత్తుకి వచ్చింది, నొప్పి పోయింది. పెడల్ టైల్స్ మీద జారిపోతుంటే కింద కారు రబ్బరు మ్యాట్ ముక్క వేశాను.

రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదీ పావు వరకు ప్రాక్టీసు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదనుకున్నాను. పది రోజులు పోయాక కింది వాటా బామ్మగారు మేడమెట్ల దగ్గర ఆపి, "ఏం బాబూ, మీ ఆవిడ రాత్రిపూట రోట్లో పచ్చడి నూరుతోందా?" అని అడిగారు. నాకు వినిపించేది సంగీతం, ఆవిడకి వినిపించేది మెట్లు అడుగున తగిలే దబదబ. స్టాండు కాళ్ళలోంచి స్లాబులోకి దిగుతోంది. మన కొట్టు ఉన్నదెందుకు? మందపాటి ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు నాలుగు తెచ్చి, కాళ్ళ కింద ఒక్కోటి పెట్టాను. బామ్మగారు మళ్ళీ అడగలేదు. అడగడం మొహమాటమై ఊరుకున్నారేమో అని మా ఆవిడ అనుమానం.

అక్టోబరు, నవంబరు

పియానోలో వేళ్ళకి అంకెలుంటాయి. రెండు చేతులకీ బొటనవేలే ఒకటి, చిటికెన వేలు ఐదు. సి మేజర్, అంటే ఒకటో శ్రుతిలో మన శంకరాభరణం, కుడిచేత్తో 1 2 3 అయ్యాక బొటనవేలు అరచేతి కిందుగా దూరి నాలుగో స్వరం అందుకోవాలి. ఎడమచేత్తో 5 4 3 2 1 అయ్యాక మధ్యవేలు బొటనవేలి మీదుగా దాటాలి. స్వరాలు తెలుసు కాబట్టి మొదటి రోజే వాయించేశాను, తప్పు వేళ్ళతో. ఆ తప్పుని తుడవడానికి మూడు వారాలు పట్టింది.

మేము నలుగురం ఉన్నాం, అందరం పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్ళమే. గుంటూరులో రిటైరైన లెక్కల మాస్టారు, తెనాలి అక్కయ్య, విశాఖలో ఉద్యోగం చేసే కుర్రాడు, నేను. ఆదివారం రాత్రి వాట్సాప్‌లో ఆ వారం వాయించింది వీడియో తీసి పంపాలి. రెండో టేకు లేదు. విన్నవాళ్ళు బాగున్నదొకటి, సరిచేసుకోవాల్సిందొకటి బార్ (కాగితం మీద తాళం ఆవర్తంలాంటి ఒక గడి) నంబరుతో సహా చెప్పాలి. 'సూపర్' అని వదిలేస్తే మాస్టారు ఒప్పుకోరు. ఒకసారి వీడియో కాల్‌లో వాయించి చూశాం. ఫ్యాను చప్పుడు అణిచే సెట్టింగు ఒకటి ఉంటుందట, అది నా పొడుగు స్వరాలన్నిటినీ మింగేసింది. దాన్ని ఆపితే గాని వినపడలేదు. ఇద్దరు కలిసి వాయిద్దామంటే మాత్రం కుదరదు, మాట ఆలస్యంగా చేరినట్టే స్వరమూ ఆలస్యంగా చేరుతుంది.

నవంబరులో అక్కయ్య పెట్టిన వాయిస్ మెసేజే ఈ పది నెలల్లో నాకు దొరికిన పెద్ద పాఠం. "తమ్ముడూ, కుడిచేత్తో ఒక్కటే వాయించేటప్పుడు నీ ఎడమ మోచెయ్యి ఊగుతోంది, చూసుకున్నావా?"

వీడియో మళ్ళీ వేసి చూశాను. నిజమే. ఎడమచెయ్యి ఖాళీగా ఒళ్ళో ఉండాలి. ఉండట్లేదు. మోచెయ్యి బయటికి వెళ్తోంది, వస్తోంది, వెళ్తోంది, వస్తోంది. తిత్తి ఆడిస్తోంది! ముప్పై ఏళ్ళుగా ఆ చేతికి తెలిసిన సంగీతం అదొక్కటే. రెండు చేతులూ కలిపినప్పుడు ఎడమవైపు ఎందుకు తడబడుతోందో అప్పుడర్థమైంది. దానికి నేను కొత్త పని నేర్పుతున్నాను, అదేమో పాత డ్యూటీ వదలట్లేదు.

ముందు కొట్టులోని బిల్లుపుస్తకం చంకలో పెట్టుకుని వాయించాను, చెయ్యి ఊగితే పడిపోతుందని. పడలేదు గానీ భుజం బిగుసుకుపోయింది. అది మానెయ్యమని మాస్టారు గట్టిగా చెప్పారు. చివరికి పనిచేసింది ఇది: రోజూ మొదటి పదిహేను నిమిషాలు ఎడమచెయ్యి ఒక్కటే, మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 50 దెబ్బల మీద, ఫోన్ ఎడమ పక్కన పెట్టి వీడియో తీస్తూ. రెండు బార్లు, నాలుగుసార్లు వరసగా తప్పు లేకుండా వస్తే వేగం 4 పెంచాలి. తప్పితే పెంచకూడదు. ఇంతే.

డిసెంబరు, జనవరి

ధనుర్మాసం. తెల్లవారుజామున గుడిలో భజన, నేనే హార్మణీ. నెల తర్వాత పియానో ముందు కూచుంటే మోచెయ్యి మళ్ళీ మొదటికి వచ్చింది. భజన మానలేను కదా.

ఫిబ్రవరి నుంచి

జి మేజర్‌లో, అంటే ఐదో శ్రుతిలో, మినుయెట్ అనే పాత నాట్య బాణీ ఒకటి పట్టుకున్నాను. జర్మన్ స్వరకర్త బాఖ్‌దని చాలామంది అనుకునేది. బాఖ్ భార్య అన్నా మాగ్దలీనా 1725 నాటి నోటుబుక్కులో ఉంది గానీ, రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్. 32 బార్లు, బార్‌కి మూడు దెబ్బలు. మొదటి ఆరు బార్లలో ఎడమచేతికి పెద్ద పని లేదు, ఎక్కువగా బార్‌కొక పొడుగు స్వరం. ఆ స్వరం పెట్టెలోలా నిలవదు. నొక్కిన దగ్గర్నుంచీ ఆరిపోతూనే ఉంటుంది. వేలు ఇంకా గట్టిగా అదిమితే బతుకుతుందేమోనని చెయ్యి తాపత్రయపడుతుంది, లాభం లేదు.

అసలు కథ ఎనిమిదో బార్‌లో. అక్కడ కుడిచెయ్యి రిషభం ఒక్కటి పట్టుకుని నిలబడిపోతుంది. ఎడమచెయ్యి ఒంటరిగా పరుగెత్తాలి. పంచమం, అక్కణ్ణుంచి కింది స్థాయి పంచమానికి ఒక్క దూకు, మళ్ళీ పైకి మధ్యమం, గాంధారం, రిషభం. నా వేళ్ళు 1, 5, 1, 2, 3. అది వచ్చినప్పుడల్లా ఆగిపోయేవాణ్ణి. "బాబూ, ఎనిమిదో బార్‌కి ముందు నువ్వు ఊపిరి బిగబడుతున్నావు, ఫోన్‌లో వినిపిస్తోంది" అన్నారు మాస్టారు. ఆ దూకు ఒక్కటే విడదీసి, 1 నుంచి 5కి, కళ్ళు మూసుకుని రోజుకి ముప్పైసార్లు చేశాను. అరచెయ్యి ముందే విప్పుకుని ఉండాలన్నది అక్కడ తెలిసింది. ఏడో బార్ చివరి స్వరం మీద ఉండగానే చెయ్యి తర్వాతి దానికి సిద్ధం కావాలి.

నా చెవి ఇంకో దొంగ. రెండుసార్లు వింటే పాట వచ్చేస్తుంది, ఇక కళ్ళు కాగితం చూడవు. మార్చిలో విశాఖ కుర్రాడు "అన్నా, పదమూడో బార్ నుంచి మొదలుపెట్టు" అంటే వాయించలేకపోయాను. ఇప్పుడు రోజుకొకసారి ఎప్పుడూ వినని నాలుగు బార్లు చూసి వాయిస్తున్నాను. ఒకటో క్లాసు పిల్లాడు వాచకం చదివినట్టుంటుంది.

మే

ఎండలకి వేళ్ళు చెమట పట్టి మెట్ల మీద జారుతున్నాయి. పక్కన పాత పంచె ముక్క పెట్టుకుంటున్నాను. అదే గుడ్డ వాయించడం అయ్యాక దుమ్ము పడకుండా కప్పడానికీ పనికొస్తోంది.

పోయిన వారం హెడ్‌ఫోన్స్ తీసేసి నాన్నకి వినిపించాను. ఆయనకి పియానో అంటే చిన్నచూపు, స్వరాన్ని ఊపే గమకం పలకదని. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి ముప్పై ఏళ్ళు దూరం పెట్టింది కూడా ఇదే వంకతో కదా నాన్నా అంటే నవ్వారు. కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. "శ్రుతి ఐదా?" అన్నారు. అవునన్నాను. కాసేపాగి, "ఎడమచెయ్యి బెదురుతోందిరా. ఇంకొంచెం నిదానించు" అన్నారు.

84 మీద వాయిస్తున్నాను అప్పుడు. 72కి దించాను. ఎనిమిదో బార్ నాలుగింట మూడుసార్లు వస్తోంది. ఈ ఆదివారం మొదటి పదహారు బార్లు పంపాలి.