మనిషికి ఎన్ని సాంచాలు?

బోస్టన్‌కు ఉత్తరాన మెర్రిమాక్ నది ఒడ్డున లోవెల్ అనే ఊరుంది. మా ఆఫీసు ఒకప్పటి బట్టల మిల్లులో ఉంది. ఎర్ర ఇటుక గోడలు, మనిషి కంటే ఎత్తైన కిటికీలు, కింద కాలువ. రోజూ ఆ కాలువ పక్కన నడిచే నేను, దగ్గర్లోనే ఉన్న బూట్ మిల్లు మ్యూజియంకు మాత్రం రెండేళ్లకు గానీ వెళ్లలేదు.

అక్కడి నేత గదిలో 88 మగ్గాలున్నాయి. సందర్శకుల కోసం కొన్నిటిని నడుపుతారు. లోపలికి వెళ్లే ముందు చెవుల్లో పెట్టుకోవడానికి దూది లాంటి బిళ్లలు ఇస్తారు. నేను పెట్టుకోలేదు. తలుపు తీయగానే నేల అదిరింది, అరికాళ్ల నుంచి ఛాతీ దాకా ఆ చప్పుడే. మాది సిరిసిల్ల. ఆ చప్పుడు వింటూ నిద్రపోయిన పిల్లను నేను. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచా అంటారు. బాపు ముప్పై ఏళ్లు సాంచాల మీద పనిచేశాడు. ఇప్పుడు ఆయనకు సరిగ్గా వినపడదు.

దారం తెగకుండా గాలిలో తేమ ఉండాలని, ఎండాకాలంలో కూడా ఆ కిటికీలు తెరవనిచ్చేవాళ్లు కాదట. చప్పుడులో మాట వినపడక, పెదవుల కదలిక చూసి మాట్లాడుకునేవాళ్లట. బాపు వాళ్లు షెడ్డులో చేతి సైగలతో మాట్లాడుకునేవాళ్లు.

మొదట్లో ఇక్కడ పనిచేసింది ఎక్కువగా న్యూ ఇంగ్లండ్, అంటే అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాల పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. కంపెనీ ఇళ్లలోనే ఉండేవాళ్లు. ఒక గదిలో నలుగురు, ఆరుగురు, మంచానికి ఇద్దరు. తెల్లవారుజామున గంట మోగితే లేవాలి, రాత్రి పదికి తలుపులు వేసేస్తారు. ఆ గది నమూనా చూస్తుంటే న్యూజెర్సీలో నేను మొదటి మూడు నెలలున్న కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్ గుర్తొచ్చింది. రెండు గదుల్లో ఏడుగురం, ప్రాజెక్టు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ పరుపుల మీద కూర్చునేవాళ్లం.

1826లో రెండున్నర వేల మంది ఉన్న ఊరు 1850కి 33 వేలు దాటింది. అంతా పత్తి మహిమే. ఆ పత్తిని అమెరికా దక్షిణాది తోటల్లో బానిసలు ఏరారు. ఇక్కడ నేసిన ముతక గుడ్డలో కొంత మళ్లీ ఆ బానిసల ఒంటి మీదికే వెళ్లింది. ఆ గోడల అందం చూసేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదని నాకు అనిపిస్తుంది.

నన్ను కదలనివ్వనిది ఇంకో విషయం. మొదట్లో మనిషికి రెండు మగ్గాలు. తర్వాత మూడు. 1846లో ఒక మిల్లు నాలుగో మగ్గం కూడా చూడమంది, పైగా కూలీ రేటు తగ్గిస్తానంది. నేత పనిచేసే ఆడవాళ్లు ఒక కాగితం రాసుకున్నారు. రేటు తగ్గించకుండా ఇస్తేనే నాలుగోది చూస్తాం, లేకపోతే ఎవరమూ ముట్టం అని. దాదాపు అందరూ సంతకాలు పెట్టారు. కంపెనీ వెనక్కి తగ్గింది.

ఆ తర్వాత ఐర్లండ్ కరువు జనాన్ని ఓడలెక్కించింది. ఇక్కడి మిల్లుల్లో ఒకటైన హామిల్టన్ కంపెనీలో 1836లో విదేశాల్లో పుట్టినవాళ్లు వందకు నలుగురు కూడా లేరు. 1860కి అరవై మందికి పైనే. ఆకలితో వచ్చినవాళ్లు ఇచ్చిన మగ్గాలన్నీ తీసుకున్నారు, ఇచ్చిన కూలీ తీసుకున్నారు. కూలీ పడిపోవడానికి వాళ్లే కారణమన్న మాట కూడా పడ్డారు. తర్వాత కెనడా ఫ్రెంచివాళ్లు, గ్రీకులు, పోలండ్ వాళ్లు, పోర్చుగీసులు వచ్చారు. మిల్లులు మూతపడ్డాక, 1980ల్లో యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కంబోడియా వాళ్లు వచ్చారు. నేను మధ్యాహ్నం నూడుల్స్ సూప్ తాగేది వాళ్ల హోటల్లోనే.

పోయినేడు మా టీంలో ఇద్దరిని తీసేశారు. వాళ్ల పని కూడా చూస్తావా అని మేనేజర్ నన్ను అడిగాడు. ఉద్యోగం పోతే నా వీసాకు 60 రోజులే గడువు. చూస్తానన్నాను. తీసేసినవాళ్లలో ఒకామె నా పక్క సీటు, ఇక్కడే పుట్టి పెరిగింది. "మీవాళ్లు ఎప్పుడూ కాదనరు కదా" అంది పెట్టె సర్దుకుంటూ. కోపంగా అనలేదు, బాధగా అంది. ఆ రోజు చాలా టెన్షన్ పడ్డాను, ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పుడైతే ఆ ఐరిష్ వాళ్లను నేను తప్పు పట్టలేను. ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ల ముందు తలెత్తుకోనూ లేను.

గదిలోంచే బాపుకు వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఫోన్ మగ్గాల వైపు తిప్పాను. బాపు కళ్లు పెద్దవి చేసి తెరకు దగ్గరగా జరిగాడు. అడ్డపోగును మోసుకెళ్లే నాడె ఎటు పోతుందో, పోగు ఎక్కడ తెగిందో చూస్తున్నాడు. తర్వాత ఏదో అడిగాడు. వినపడలేదు, పెదవుల్ని బట్టి తెలిసింది. "మనిషికి ఎన్ని సాంచాలు బిడ్డా?"

అరిచినా ఆయనకు వినపడదు. నాలుగు వేళ్లు చూపించాను. బాపు కాసేపు చూసి, రెండు చేతులూ పైకెత్తి ఎనిమిది వేళ్లు చూపించాడు.